వెల్లకిలా పడటమూ ఓ ఉద్యోగమే!

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని సామెత. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో మాత్రం ఎవరు ఎవరి తలదన్నాలో ముందే ఆఫీసులో రాసిపెట్టి ఉంటుంది. నిన్నటి చాంపియన్ ఇవాళ ఎవరి చేతిలో పడాలో కూడా!

తొంభైల్లో రాజమండ్రి, అమలాపురం, భీమవరం వీధుల్లో పెరిగిన పిల్లల జేబులు తడిమితే గోళీలతోపాటు ఓ కార్డుల కట్ట కూడా దొరికేది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో కండల వీరుడు. కింద అతగాడి ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ఆడిన పోటీలు, గెలిచిన పోటీలు. ఒకటో ర్యాంకు కార్డు చేతిలో ఉన్న పిల్లాడిదే ఆ పూట రాజ్యం. చివరి ర్యాంకు కార్డు పడ్డవాడు 'బరువు' అనో 'ఛాతీ' అనో అడిగి ఎలాగో బయటపడాల్సిందే.

కార్డు మీద ర్యాంకు ఒకసారి అచ్చయితే మారదు. టీవీలో అలా కాదు. నిరుడు బంగారు బెల్టు భుజాన వేసుకుని ఊరేగినవాడు ఈ ఏడాది ఎవరో కొత్త కుర్రాడి చేతిలో రెండు నిమిషాల్లో చిత్తయ్యేవాడు. 'వీడు నంబర్ వన్ కదా నాన్నా, ఎందుకు ఓడిపోతున్నాడు?' అని పిల్లాడు అడిగితే, పేపర్లోంచి తలెత్తకుండానే తండ్రి చెప్పే జవాబు ఒక్కటే... 'అదంతా ఉత్తుత్తి కుస్తీరా!'

ఆ జవాబులో సగమే నిజం. గెలుపోటములు ముందే రాసుకున్నవన్నది నిజం. 1989లో ఆ కంపెనీయే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు ఒప్పుకుంది, మాది పోటీ కాదు, వినోదమేనని. క్రీడలకు వర్తించే నిబంధనల నుంచీ పన్నుల నుంచీ తప్పించుకోవడానికి అలా చెప్పక తప్పలేదు. కానీ పడటం మాత్రం ఉత్తుత్తిది కాదు. వీపు, మోకాళ్లు, మెడ... అన్నీ సొంతవే. కిందికి దిగిపోవడం కూడా ఉత్తుత్తిది కాదు. ఆ మెట్లు దిగినవాళ్ల కథ కార్డుల మీద అచ్చవ్వలేదు. అంతే.

ఓడితేనే జీతం

ఈ వ్యాపారానికి ఓ సొంత భాష ఉంది. ఎవరు గెలవాలో తేల్చేవాడు 'బుకర్'. ఒకణ్ని పనిగట్టుకుని పైకి తేవడం 'పుష్'. ఇక ఓడిపోవడాన్ని ఏమంటారో తెలుసా... 'జాబ్ చేయడం'. రోజూ ఓడిపోవడమే పనిగా ఉన్నవాడు 'జాబర్'. అంటే వెల్లకిలా పడటం అక్కడ అచ్చంగా ఓ ఉద్యోగం!

ఈ ఉద్యోగంలోకి మాజీ చాంపియన్లు ఎందుకు దిగుతారు? వయసు మీద పడుతుంది. గాయం మానదు. ఆఫీసుతో చెడుతుంది. జనానికి మొహం మొత్తుతుంది. అంతకన్నా పెద్ద కారణం మరొకటి. కొత్తవాణ్ని గొప్పవాడని నమ్మించాలంటే అనామకుణ్ని ఓడిస్తే చాలదు. ఒకప్పుడు గొప్ప అనిపించుకున్నవాడే ఓడాలి. మాజీ చాంపియన్ కండల కన్నా అతని పాత పేరుకే విలువ ఎక్కువ. ఆ పేరును రోజుకింత చొప్పున కొత్తవాళ్లకు పంచిపెట్టడమే అతని కొత్త పని.

దానికీ నేర్పు కావాలి. ఎలా పడితే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడో, ఎలా పడితే ఎదుటివాడికి దెబ్బ తగలదో పాతవాడికే తెలుసు. అందుకే పెద్ద పోటీకి దించే ముందు కొత్త కుర్రాణ్ని ఇలాంటి పాతకాపుతో కట్టి చూస్తారు. బయటికి అది ఓటమి. లోపల అది పాఠం.

సంక్రాంతి బరిలో ఓడిన పుంజు ఆ సాయంత్రానికే కూరైపోతుంది. గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. రెజ్లర్‌కు ఆ విముక్తి కూడా లేదు. ఇవాళ ఓడినవాడు రేపు ఇంకో ఊళ్లో, ఇంకో కుర్రాడి చేతిలో మళ్లీ ఓడాలి.

ఇరవై ఎనిమిది రోజుల రాజు

ఖోస్రో వజీరీ అంటే ఎవరికీ తెలియకపోవచ్చు. 'ఐరన్ షేక్' అంటే ఆనాటి పిల్లలకు మీసాలతో సహా గుర్తొస్తాడు. ఇరాన్‌లో పుట్టిన అసలు సిసలు మల్లయోధుడు. అమెరికా వెళ్లి 1971లో అక్కడి ఏఏయూ గ్రీకో రోమన్ పోటీల్లో స్వర్ణం గెలిచాడు. అమెరికా ఒలింపిక్ జట్టుకు సహాయ శిక్షకుడిగానూ పనిచేశాడు. అలాంటివాడు ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వచ్చాక దొరికిన వేషం... విలన్! టెహ్రాన్‌లో అమెరికా దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకున్న రోజుల కోపం ఇంకా చల్లారలేదు. ఇరాన్ జెండా పట్టుకుని వస్తే చాలు, హాలంతా తిట్లే.

1983 డిసెంబరు 26న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఐరన్ షేక్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అప్పటికి దాదాపు ఆరేళ్లుగా బెల్టు వదలని బాబ్ బ్యాక్‌లండ్‌ను ఓడించాడు. సరిగ్గా 28 రోజులు. 1984 జనవరి 23న అదే హాల్లో హల్క్ హోగన్ చేతిలో పడ్డాడు. అక్కడి నుంచి హోగన్ ఎక్కడికి ఎదిగాడో అందరికీ తెలుసు. షేక్ అసలు చాంపియన్ ఎందుకయ్యాడన్నది మాత్రం తక్కువమంది అడుగుతారు. బ్యాక్‌లండ్ మంచివాడి వేషం. హోగన్‌దీ మంచివాడి వేషమే. మంచివాడి చేతిలో మంచివాడు ఓడితే జనం రెండుగా చీలిపోతారు. మధ్యలో ఓ చెడ్డవాడు కావాలి. ఆ పనికి షేక్ వచ్చాడు. వంతెన స్తంభం లాంటి పని. రైలు దాటేశాక స్తంభం వైపు ఎవరు చూస్తారు?

ఆ తర్వాత మెట్లు చకచకా దిగాడు. 1991లో గల్ఫ్ యుద్ధం నేపథ్యంలో ఆయనకు 'కల్నల్ ముస్తఫా' అని పేరు మార్చి, ఇరాకీ సైనికాధికారి వేషం వేయించి, మరో విలన్ పక్కన అనుచరుడిగా నిలబెట్టారు. ఇరాన్, ఇరాక్‌లు ఎనిమిదేళ్లు నెత్తురోడ్చుకున్న యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లే. మాజీ ప్రపంచ చాంపియన్, కన్న దేశానికి శత్రువైన దేశపు యూనిఫాం తొడుక్కుని రింగు పక్కన నిలబడ్డాడు.

2001లో పాత రెజ్లర్లందరినీ ఒకేసారి బరిలోకి దించి సరదా పోటీ ఒకటి పెట్టారు. తాళ్ల మీదుగా బయటపడ్డవాడు ఓడినట్టు. చివరికి మిగిలింది ఐరన్ షేకే. గెలిపించడానికి కారణం... మోకాళ్లు అప్పటికే పాడైపోయి, తాళ్ల మీదుగా కిందపడే ఓపిక ఆయన ఒంట్లో లేదు! చిన్నప్పుడు బలంతో గెలిచినవాడు, ముసలితనంలో పడలేక గెలిచాడు. 2023 జూన్‌లో కన్నుమూశాడు.

పడనన్న పోలెండు వీరుడు

చెప్పినట్టు పడటానికి ఒప్పుకోని మాజీ చాంపియన్లూ ఉన్నారు. పోలెండుకు చెందిన స్టానిస్లాస్ బిస్కో వాళ్లలో ఒకడు. మన గామా పహిల్వాన్‌తో 1910 సెప్టెంబరు 10న లండన్‌లో రెండున్నర గంటలకు పైగా తలపడి 'డ్రా' చేసుకున్నవాడు ఇతనే. ఆ కుస్తీలో ఎక్కువసేపు నేలకు కరుచుకుని బోర్లా పడుకునే ఉన్నాడు. వారం తర్వాత మళ్లీ తలపడదామంటే అసలు రాలేదు. గామాకు 'జాన్ బుల్' బెల్టు అలా దక్కింది.

అదే బిస్కో 1921లో అమెరికాలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాదే బెల్టు పోయింది. వయసు మళ్లింది. 1925 నాటికి అక్కడి నిర్వాహకులు వేన్ మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాణ్ని చాంపియన్‌గా నిలబెట్టారు. ఆరున్నర అడుగుల భారీ మనిషి. జనం విరగబడి వచ్చేవారు. కుస్తీ మాత్రం అంతంత మాత్రమే. అతగాడికి పేరు రావాలంటే పాత చాంపియన్లు వరసగా పడాలి. బిస్కో వంతు వచ్చింది.

1925 ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాలో గంట మోగింది. పడాల్సిన బిస్కో పడలేదు. నిజం కుస్తీ పట్టాడు. మన్ వీపును మళ్లీ మళ్లీ నేలకు ఆనించాడు. నిర్వాహకులు తెల్లమొహాలు వేశారు. అంతమంది కళ్లముందు జరిగినదాన్ని కాదనలేక బెల్టు ఇవ్వక తప్పలేదు. నిజానికి ఇది ఒక్క బిస్కో పౌరుషం కాదు. వెనక పోటీ నిర్వాహకుల ఎత్తుగడ ఉంది. నెలన్నర తిరక్కుండానే, మే 30న, వాళ్లకు కావాల్సిన జో స్టెకర్ చేతిలో పడి బెల్టు అప్పగించేశాడు. పడనన్నవాడు కూడా చివరికి పడింది ఇంకో ఆఫీసు మాట ప్రకారమే.

మూడేళ్లకు, 1928లో, పాటియాలాలో గామా ముందు నిలబడ్డాడు బిస్కో. ఈసారి ఏ ఆఫీసూ లేదు. ఒక్క నిమిషం కూడా నిలవలేకపోయాడు.

మరి ఓటమి ఎరగని గామా సంగతేంటి? ఆయన్ని దించింది ఏ బుకరూ కాదు. కాలం. దేశ విభజన తర్వాత పాటియాలా మహారాజు పోషణ లేదు. లాహోరులో జబ్బులతో, ఇబ్బందులతో గడిపారు. ఆ సంగతి తెలిసి సరిహద్దు ఇవతలి నుంచి పారిశ్రామికవేత్త ఘనశ్యామ్‌దాస్ బిర్లా ఆర్థిక సాయం పంపారు. 1960 మే 23న గామా కన్నుమూశారు.

మన కలియుగ భీముడు

తెలుగునాట బలం పేరెత్తితే మొదట గుర్తొచ్చేది కోడి రామమూర్తి నాయుడే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, పిల్లలకు వ్యాయామం నేర్పే మాస్టారుగా మొదలైన మనిషి. కుస్తీ కన్నా బలప్రదర్శనే ఆయన వృత్తి. సొంత సర్కస్ పెట్టి ఊరూరా తిరిగారు. ఊపిరి బిగబట్టి గుండెకు చుట్టిన ఇనుప గొలుసు తెంచేవారు. రెండు చేతులకూ గొలుసులతో రెండు కార్లు కట్టి చెరోవైపు నడపమనేవారు. కార్లు కదిలేవి కావు. ఛాతీ మీదుగా ఏనుగును నడిపించుకునేవారు. లండన్‌లో ఐదో జార్జి దంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి 'ఇండియన్ హెర్క్యులిస్' అనిపించుకున్నారు. కలియుగ భీముడు, మల్లమార్తాండ... ఇలా బిరుదులకు లెక్కలేదు.

అంతటి మనిషి చివరి రోజులు సొంత ఊళ్లో గడవలేదు. సంపాదించినదాంట్లో చాలా భాగం దానధర్మాలకే పోయిందంటారు. కాలి మీద లేచిన పుండు ముదిరి, కాలే తీసేయాల్సి వచ్చింది. ఏనుగును మోసిన మనిషి ఒంటికాలి మీద మిగిలాడు. 1942 జనవరిలో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. ఇవాళ విశాఖ బీచ్ రోడ్డులో సముద్రం పక్కన ఆయన విగ్రహం ఉంది. అటుగా నడిచే పిల్లలకు ఆ కండలే కనిపిస్తాయి. చివరి రోజుల ముచ్చట విగ్రహాలకు ఎక్కదు.

రామమూర్తిని ఎవరూ ఓడించలేదు, ఓడమని చెప్పనూ లేదు. అయినా మెట్లు దిగక తప్పలేదు. గెలుపు రాసిపెట్టినదైనా, నిజమైనదైనా, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఓ చెయ్యి లేకపోతే పడటం ఒకేలా ఉంటుంది.

దిగి ఎక్కినవాడు, ఎక్కి దిగినవాడు

యాభైల్లో మన దేశంలో ఫ్రీస్టైల్ కుస్తీల పిచ్చి పట్టినప్పుడు గోడల మీద రెండు పేర్లు పక్కపక్కనే ఉండేవి... కింగ్‌కాంగ్, దారాసింగ్. కింగ్‌కాంగ్ అసలు పేరు ఎమిల్ సాయా. ఐరోపా నుంచి వచ్చి సింగపూర్‌లో స్థిరపడ్డ భారీకాయుడు. దారాసింగ్ కన్నా ముందే పేరున్నవాడు. ఆ కొండను ఎత్తి పడేశాడు కాబట్టే దారాసింగ్ దారాసింగ్ అయ్యాడు. ఒకరి తర్వాత ఒకరు పడుతూ పోయారు. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన లూ థెజ్ కూడా 52 ఏళ్ల వయసులో, 1968లో బొంబాయి వచ్చి దారాసింగ్ చేతిలో ఓడి వెళ్లాడు. దారాసింగ్ మాత్రం తెలివిగా సినిమాలను రెండో కాలుగా చేసుకున్నారు. 1983లో బరి వదిలాక 1987లో టీవీ రామాయణంలో హనుమంతుడై దేశమంతా దండాలు పెట్టించుకున్నారు. అందరికీ ఆ అదృష్టం పట్టదు.

గ్రేట్ ఖలీ సంగతే చూడండి. హిమాచల్‌ప్రదేశ్ పల్లెలో పుట్టిన దలీప్‌సింగ్ రాణా, ఏడడుగుల మనిషి. 2007 జులైలో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయినప్పుడు మన దగ్గర పేపర్లన్నీ పొంగిపోయాయి. రెండు నెలలకే, సెప్టెంబరులో బటిస్టా చేతిలో బెల్టు పోయింది. మరుసటి ఏడాదికల్లా ఆ భీకరాకారుడు ప్రేక్షకుల్లోని అమ్మాయిలతో ముద్దుల సరదా కార్యక్రమం నడిపే హాస్యపాత్ర అయిపోయాడు. 2014లో కంపెనీ వదిలి, 2015లో జలంధర్‌లో సొంత అకాడమీ పెట్టుకున్నాడు. ఒంట్లో బలం తగ్గాక నేర్పేవాడిగా నిలబడ్డాడు.

అదే 2014లో, జూన్ 12న, ఇద్దరికి ఒకేరోజు ఉద్యోగాలు పోయాయి. స్కాట్లండ్‌కు చెందిన డ్రూ మెకింటైర్, కెనడాలో పుట్టిన పంజాబీ జిందర్ మహల్. ఇద్దరూ 'త్రీఎంబీ' అనే ముగ్గురు జోకర్ల జట్టులో ఉండేవారు. గిటార్ వాయిస్తున్నట్టు గెంతుతూ రావడం, ఓడి వెళ్లిపోవడం. అదీ వాళ్ల డ్యూటీ. బయటికొచ్చాక మెకింటైర్ చిన్న చిన్న హాళ్లలో ఆడి పేరు తెచ్చుకుని తిరిగొచ్చాడు. 2020 ఏప్రిల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదీ కరోనా వల్ల ఒక్క ప్రేక్షకుడూ లేని హాల్లో! జిందర్ 2016లో తిరిగొచ్చి, కండలు పెంచి, 2017 మే 21న ర్యాండీ ఆర్టన్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు. 170 రోజులు ఏలాడు. నవంబరు 7న ఏజే స్టైల్స్ చేతిలో పడ్డాక మళ్లీ మెట్లు దిగుతూ వచ్చాడు. 2024 ఏప్రిల్‌లో రెండోసారి ఉద్యోగం పోయింది.

ఓడలు బళ్లు, బళ్లు ఓడలు కావడమంటే ఇదే. ఒకే రోజు ఒకే మెట్టు మీంచి పడ్డ ఇద్దరిలో ఒకరు పైనా, ఒకరు కిందా. మధ్యలో తేడా కష్టంలో లేదు. రాసేవాడి కలంలో ఉంది.

వీపు లెక్క ఎవరు రాస్తారు?

పోస్టర్ మీద పేరు కిందికి జారేకొద్దీ చేతికొచ్చే డబ్బూ జారుతుంది. వీపుకు తగిలే దెబ్బ మాత్రం జారదు. పైగా ఈ మల్లులను ఆ కంపెనీ ఉద్యోగులుగా కాక, విడివిడి కాంట్రాక్టర్లుగానే చూస్తూ వచ్చింది. అంటే మామూలు ఉద్యోగికి కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా లాంటివి వీళ్లకు ఉండవు. 1987లో హోగన్ ఎత్తి పడేసిన ఆండ్రే ద జెయింట్ అప్పటికే నడుం నొప్పితో నిలబడలేని స్థితి. ఆ పడటంతో హోగన్ ఇంకో మెట్టెక్కాడు. ఆండ్రే 46 ఏళ్లకే, 1993 జనవరిలో పోయాడు.

కొత్తవాడి కోసం పడి వెళ్లడాన్ని ఆ వృత్తిలో మర్యాదగా చూస్తారు. జాన్ సీనానే తీసుకోండి. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో, మన కోనసీమ బిడ్డ బాలయోగి పేరున్న ఇండోర్ స్టేడియంలో ఆడి వెళ్లాడు. 2025లో 17వసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది డిసెంబరు 13న వాషింగ్టన్‌లో తన ఆఖరి పోటీలో గుంథర్ పట్టుకు లొంగి, ఓటమి ఒప్పుకుని సెలవు తీసుకున్నాడు. అంతటివాడికి అది ఘనమైన వీడ్కోలు. సీనా పడితే గౌరవం, రోజూ పడే మాజీ పడితే జాలి... పని మాత్రం ఒకటే!

విరాటపర్వంలో జీమూతుడనే మల్లుడు ఉంటాడు. ఎదురులేనివాడు. వంటవాడి వేషంలో ఉన్న భీముడి చేతిలో పడతాడు. 'నర్తనశాల'లో భీముడిగా దండమూడి రాజగోపాలరావును చూసి చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. జీమూతుడు అంతటివాడు కాకపోతే ఆ చప్పట్లకు అర్థమే లేదు. కథలో అతని పని పడటమే. కానీ పడేముందు అతనూ చాంపియనే.

దసరా రోజుల్లో అమలాపురంలో చెడీ తాలింఖానా ఊరేగింపు చూసినవాళ్లకు ఇంకో పద్ధతి తెలుసు. కుర్రాళ్లు కర్రలూ కత్తులూ తిప్పుతుంటారు. కళ్లకు గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కాయను కత్తితో తెగనరుకుతారు. ఆ విద్య గురువు నుంచి శిష్యుడికి అందుతూ వచ్చింది. చెయ్యి వణికే వయసులో వస్తాదు కత్తి తిప్పలేకపోవచ్చు. అయినా ఆయన ర్యాంకు తగ్గదు. కుర్రాడు ముందు ఆయన కాళ్లకు దండం పెట్టాకే కత్తి పడతాడు. అక్కడ పెద్దరికం గెలుపును బట్టి కాదు, నేర్పినదాన్ని బట్టి.

ఇలాంటి మాజీలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఒకప్పుడు రైసుమిల్లు నడిపి ఇప్పుడు అదే మిల్లులో గుమస్తాగా కూర్చున్న పెద్దాయన. తాను పని నేర్పిన కుర్రాడి కిందే ఇవాళ పనిచేస్తున్న మేస్త్రీ. రోజూ ఓడిపోతున్నట్టే కనిపిస్తారు. కాస్త దగ్గరగా చూస్తే, కొత్తవాడు పడిపోకుండా పట్టుకున్న చెయ్యి వాళ్లదే అయి ఉంటుంది.